అక్క వేసిన వేలిముద్ర



పొలములో ఆడబిడ్డకు భాగము లేదని మన గ్రామములలో నేటికిని అనుకొనుచున్నారు. చట్టము అట్లు చెప్పుట లేదు. క్రైస్తవులకు వర్తించు 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా వ్రాయక చనిపోయిన తండ్రి ఆస్తిలో మూడవ వంతు విధవరాలికి పోగా, మిగిలినది కుమారులకును కుమార్తెలకును సమానముగా చెందవలెను. పాత తిరువాన్కూరు సీమలో మాత్రము 1916 నాటి వేరొక చట్టమునుబట్టి, కుమారుని భాగములో నాలుగవ వంతో, అయిదు వేల రూపాయలో, ఏది తక్కువైతే అదే కుమార్తెకు ఇచ్చెడివారు. తన సహోదరునితో తగవు వచ్చిన మేరీ రాయ్ అను క్రైస్తవ స్త్రీ సుప్రీంకోర్టుకు వెళ్లగా, 1951 నుండియే ఆ చట్టము చెల్లదని 1986లో తీర్పు వచ్చెను. హిందువుల ఉమ్మడి ఆస్తిలోను కుమార్తెకు పుట్టుకతోనే సమాన హక్కు కలదనియు, 2005 నాటికి తండ్రి బ్రదికి యుండనక్కర లేదనియు అదే కోర్టు 2020లో తేల్చినది.

మరి పొలములు అన్నదమ్ముల పేరనే యేల ఉన్నవి? హక్కు విడుదల దస్తావేజు వలన.

ఇక్కడ నా సంగతి ఒప్పుకొనవలెను. అమ్మ అంతకు ముందే పోయినది; నాన్న గతించిన యేట అన్నయు నేనును అక్కను రిజిస్ట్రారు కచేరీకి తీసికొని పోతిమి. దారిలో అన్న ఆమెకు చీర కొనెను. అక్క చదివించుకొనకయే వేలిముద్ర వేసి, "నాకు పుట్టిల్లుంటే చాలు తమ్ముడూ" అనెను. ఆ మాటను ప్రేమకు దృష్టాంతముగా ప్రసంగములో కూడ చెప్పితిని. అందులో భయమున్నదని చాల కాలమునకు గాని నాకు తట్టలేదు. భాగమడిగిన ఆడబిడ్డను క్రిస్మస్సుకు ఎవరు పిలుతురు? ఇష్టపూర్వకముగా వ్రాసియిచ్చితినని దస్తావేజులో ఉండును. వద్దనుటకు వీలులేని చోట ఔననుట ఇష్టమగునా? కొట్టి సంతకము పెట్టించినయెడల కోర్టు విచారించును. ఈ భయమునకు సాక్షులుండరు.

కట్నమిచ్చితిమి గదా అందురు. కట్నము 1961 నుండి నేరము. అదియు పోయినది అత్తవారి చేతికే గాని ఆమె చేతికి కాదు.

సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు ప్రత్యక్షపు గుడారము ద్వారమున, మోషే యెదుటను పెద్దలందరి యెదుటను నిలిచి తండ్రి భాగమడిగిరి. వారిని గయ్యాళులని ఎవరును అనలేదు. మోషే ఆ వ్యాజ్యమును దేవుని సన్నిధికి తీసికొనిపోగా, వారి మాట న్యాయమనియే సెలవాయెను. వారికి సహోదరులు లేరు గనుక ఇచ్చిరని ఒక పెద్ద నాతో వాదించెను. నిజమే. అయితే యోబు తన ముగ్గురు కుమార్తెలకు వారి సహోదరులతో పాటు స్వాస్థ్యమిచ్చెను గదా.

లూకా 12వ అధ్యాయమును కూడ ఎత్తుదురు. ఆస్తి పంచిపెట్టుమని అడిగినవానికి ప్రభువు తీర్పరిగా ఉండనొల్లక, లోభమునుగూర్చి హెచ్చరించెను. ఆ వచనమును అక్కచెల్లెండ్రకే వినిపింతుము. హెచ్చరిక అడిగిన యొకనికే కాదు, అక్కడున్న వారందరికిని చెప్పబడెను. అడిగినవానికే లోభమున్నదా, పట్టుకొని యున్నవానికి లేదా?

పోయిన నెల అక్క యింటికి పోయి, నా భాగములో నుండి ఆమెకు రావలసినది దానపత్రము వ్రాసి రిజిస్టరు చేయింతునంటిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, "అన్నకు చెప్పావా?" అని అడిగెను.

చెప్పలేదు. ఈ పత్రిక ఆయన యింటికిని పోవును.