పాంథియన్ వాకిట

సనత్‌నగర్ కాలనీలనుండి వేసవి సెలవులలో బృందములుగా కూడి ఐరోపా నగరములను చూడబోవుట యిప్పుడు వింత గాదు. ఉద్యోగ విరమణ చేసిన దంపతులు, వియ్యాలవారు, ఉదయపు నడకలో చెలిమి కుదిరినవారు అమీర్‌పేటలోనో పంజాగుట్టలోనో ట్రావెల్స్ ఆఫీసునందు డబ్బు కట్టి, వీసా వచ్చిన మరునాటినుండియే ఆవకాయ సీసాలు, కారప్పొడి పొట్లములు సర్దుకొందురు. సహచరులతో దేశాటనము మనకు పాత అలవాటే: ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, సుమారు నూరుగురు పరివారముతో మన హైదరాబాదు మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. తాము పోవుచున్నది దేవుని సన్నిధికే యను నిశ్చయము వారికుండెను. నేటి బృందము విహారమునకని బయలుదేరును. అయినను రోములో, పారిస్‌లో, కొలోన్‌లో దానికి చూపబడు మహానిర్మాణములలో పెక్కు దేవాలయములే. ఒకరి దేవుని యెదుట మరియొకరు కేవలము ప్రేక్షకులై నిలువవచ్చునా యను ప్రశ్న, ఎవరడిగినను అడుగకున్నను, అక్కడ మన వెంట నడచును.

రోములోని పాంథియన్ ఈ ప్రశ్నకు తగిన స్థలము. హేడ్రియన్ చక్రవర్తి కాలమున, క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో, రోమనుల దేవాలయముగా రూపొందిన ఆ కట్టడము 609లో క్రైస్తవాలయమైనది. గుమ్మటపు వ్యాసమును, నేలనుండి దాని ఎత్తును రెండును సుమారు 43 మీటర్లే యగుటచేత లోపల ఒక పూర్ణగోళము ఇమిడియున్నట్లుండును. నడినెత్తిన తెరచియున్న వలయమునుండి ఎండయు వానయు అడ్డులేక దిగును, పడిన నీరు నేలలోని రంధ్రములగుండా పోవును. 2023 జులైలో 5 యూరోల వెలతో మొదలైన టికెట్టును అచ్చట సందర్శకులు కొనవలెను. ప్రార్థనకు వచ్చినవారికి మాత్రము అది అక్కరలేదు. తిరుమలలో 300 రూపాయల దర్శనమునకు అలవడిన మనకు టికెట్టు కొత్త గాదు. కాని తిరుమలలో టికెట్టు కొన్నవాడును, సర్వదర్శనపు వరుసలో నిలిచినవాడును ఇరువురును భక్తులే. పాంథియన్ వాకిట ఆ టికెట్టు, నీవెందుకు వచ్చితివని మనిషిని నిలదీయును.

ఇట్టి బృందములలో రెండు మాటలు వినబడుచుండును. "మన గుడి కాదు కదండీ, దండమెందుకు?" అని ఒకరు; "దేవుడొక్కడే వదినా, ఎక్కడ మొక్కినా ఒకటే" అని మరియొకరు. మొదటి మాట హృదయమునకు తలుపు వేయును. రెండవది ఉదారముగా తోచినను, ఎదుటివాని విశ్వాసమేమో వినకయే దానిని మనదానిలో కలుపుకొనును. సిలువపై ప్రాణము విడిచిన దైవమును నమ్ముట, ఏ రూపమునైనను భజింపవచ్చునను మన భావనకంటె వేరు; ఆ వేరిమిని గుర్తింపని నమస్కారమున తొందరయే యధికము. ఈ విషయమును నేను బల్కంపేటకు తెచ్చి ఆలోచింతును. అక్కడ ఎల్లమ్మ తల్లి భూమట్టమునకు దిగువన, బావిలో వెలసియున్నది; ఆషాఢమున కల్యాణోత్సవమునాడు జనముతో వీధులు నిండును. ఆనాడు విదేశీయులెవరైన వచ్చినచో, మన అమ్మయే తమ మేరీమాత యని వారు చెప్పవలెనని మనము కోరము, అమ్మను నమ్మవలెననియు కోరము. చెప్పులు విడిచి, బోనమెత్తిన ఆడబిడ్డకు దారి ఇచ్చి, కెమెరా దించవలసినప్పుడు దించినచో మన మనసు నిండును. ఎర్రగడ్డలోని సెయింట్ థెరిసా చర్చిని నిత్యము దాటిపోవు మనవారు ఈ మర్యాదను అభ్యసించుటకు రోము దాక పోనక్కరలేదు.

కొలోన్ మహాలయమునకు పునాది పడినది 1248లో, అది పూర్తియైనది 1880లో. నడుమ శతాబ్దుల తరబడి పని నిలిచిపోగా, సగము లేచిన గోపురముపై బరువులెత్తు కొయ్యయంత్రము అట్లే నిలిచియుండెను. శిఖరమును తాము చూడమని యెరిగియు రాయి చెక్కినవారి శ్రమ యెదుట, గైడు ఇచ్చిన కొద్దిపాటి సమయమును ఫోటోలకే ధారపోయుట నాకు బాధ కలిగించును. బల్లపై కొంతసేపు కూర్చుండి, పక్కన మోకరిల్లిన ముసలమ్మ ప్రార్థన ముగియువరకు మాట యాపుటకు క్రైస్తవుడు కానక్కరలేదు.

టికెట్టు డబ్బు మిగులునని ప్రార్థనవేళకు పాంథియన్‌లోనికి పోవుదమని సహచరులెవరైన అన్నచో నేను సమ్మతింపను. లేని భక్తిని ద్వారపాలకునికి చూపుట ఆ దేవునికిని, మన దేవునికిని అపచారమే. టికెట్టు కొని, చూడవచ్చినవాడనని ఒప్పుకొని లోనికి పోవుదును. ఆ వెలుగు వలయము క్రింద నిలిచినప్పుడు చేతులు వాటంతటవి జోడింపబడినచో వానిని విడదీయను.