తెగింపు ఎవరిది, నష్టం ఎవరిది?

2025 సంక్రాంతి వెళ్లాక ఒక సాయంత్రం, బంటుమిల్లిలో మా ఇంటికి నా పాత విద్యార్థి ఒకడు వచ్చాడు. మా యానాది కుర్రాడే. పదో తరగతితో చదువు ఆపేసి, ఆరేళ్లుగా రొయ్యల చెరువు మీద కాపలా ఉంటున్నాడు. చేతిలో ఒక కాగితం ఉంది.

"మాస్టారూ, ఎకరం చెరువు లీజుకి తీసుకుందామనుకుంటున్నాను. అప్పిచ్చే ఆయన జామీను అడుగుతున్నాడు. మీరు సంతకం పెట్టాలి" అన్నాడు.

"వద్దురా" అన్నాను వెంటనే. వాడు కోపం తెచ్చుకోలేదు. "భయపడితే ఎదగలేం అని బళ్లో చెప్పింది మీరే కదండీ" అని మాత్రం అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నెల తిరిగేసరికి జీతం అందుకునే నేను పిల్లలకు తెగించమని పాఠం చెప్పాను. తీరా ఒకడు తెగిస్తానని వస్తే వెనక్కి లాగాను. నేను చెప్పిన పాఠం తప్పా? లేక నా సలహా తప్పా?

కొత్తగా ఆలోచించు, సొంత వ్యాపారం పెట్టు, సాహసం చెయ్యి. ఈ మాటలు ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ వినిపిస్తున్నాయి. మంచి మాటలే. కానీ సాహసం చేసినవాడు ఓడిపోతే ఆ నష్టం ఎవరి ఇంట్లో పడుతుందో ఆ మాటలు చెప్పవు.

నిజానికి మనవాళ్లకు తెగింపు కొత్త కాదు. పొలం గట్టు కన్నంలో చెయ్యి పెట్టేవాడికి లోపల ఎలుక ఉందో పాము ఉందో తెలియదు. బుద్ధికుశలతా కొత్త కాదు. వెదురు బద్దను విల్లులా వంచి, తాడు బిగించి, లోపల నాలుగు గింజలు వేసి ఎలుకను పట్టే బుట్టను తయారుచేసినవాడు ఏ కాలేజీకీ పోలేదు. అదీ సాంకేతిక విజ్ఞానమే. అయినా దాన్ని లోకం కూలిపని అంది. లాభం కనిపించినచోటే సాహసం అని పేరు పెడతారు. లాభం లేని సాహసాన్ని బతుకుతెరువు అంటారు.

నా చిన్నప్పుడు, 1990ల మొదట్లో, మన తీరంలో వరిచేలు చాలా రొయ్యల చెరువులయ్యాయి. అప్పుడు టైగర్ రొయ్య. మా అయ్య ఒక చెరువు గట్టు మీద పాకలో కాపలా ఉండేవాడు. ఆ దశాబ్దం మధ్యలో తెల్లమచ్చ వ్యాధి వచ్చింది. ఒక తెల్లవారుజామున రొయ్యలు నీరసంగా గట్టు వారకు చేరాయి. కొద్ది రోజుల్లో చెరువు మొత్తం పోయింది. యజమానికి పంట పోయింది. మా అయ్యకు నాలుగు నెలల జీతం పోయింది. యజమాని తర్వాత చేపలు వేసి కోలుకున్నాడు. మా అక్క మాత్రం ఆ ఏడు బడి మానేసి నాట్లకు పోయింది. మళ్లీ బడికి రాలేదు.

మా అయ్య ఏ సాహసమూ చెయ్యలేదు, ఒక్క రూపాయి పెట్టుబడి పెట్టలేదు. అయినా నష్టంలో వాటా వచ్చింది. లాభం వచ్చిన ఏడు మాత్రం వాటా రాలేదు. పేదవాడికి "జాగ్రత్తగా ఉండు" అని చెప్పే సలహాలో లోపం ఇదే. ఊరికే ఉన్నా వాడి నెత్తిన ముప్పు ఉంటుంది. అది వాడు కోరి తెచ్చుకున్నది కాదు.

1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల చెరువులపై తీర్పు ఇచ్చింది. మూతపడే చెరువుల్లో పనిచేసేవాళ్లకు ఆరేళ్ల వేతనం అదనపు పరిహారంగా ఇవ్వాలని అందులో చెప్పింది. యజమాని వ్యాపారం ఆగితే కూలివాడి కింద నేల కూడా కదులుతుందని కోర్టు గుర్తించింది. మనం మాత్రం వ్యాపారం గురించి మాట్లాడేటప్పుడు ఆ సంగతి మరిచిపోతాం.

పిల్లలకు నేను ఇష్టంగా చెప్పే పాఠం ఒకటుంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్.ఎల్.వి-3 రాకెట్ సముద్రంలో పడింది. దాని బాధ్యత చూసింది అబ్దుల్ కలాం. ఆ రోజు విలేకరుల ముందు ఓటమిని సంస్థ అధిపతి సతీష్ ధావన్ తన మీద వేసుకున్నారని కలాం గారే చెప్పేవారు. 1980 జూలై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. దీన్ని ధైర్యం పాఠంగా చెబుతూ వచ్చాను. ఇప్పుడు అందులో ఇంకోటి కూడా కనిపిస్తోంది. ఓడినవాళ్ల వెనక ఒక దేశం నిలబడింది. వాళ్ల పిల్లల చదువు ఆగలేదు. శ్రీహరికోట దీవి మన యానాదుల పాత నివాసం. రాకెట్ కేంద్రం కోసం అక్కడ గూడేలు ఖాళీ చేసి వచ్చినవాళ్లు ఆ సాహసానికి ఇచ్చిన వెల నా పాఠంలో ఇన్నాళ్లూ లేదు.

తమిళనాడులో ఇరులవాళ్ల కథ వేరు. పాము చర్మాల వ్యాపారం నిషేధంలోకి వచ్చాక వాళ్ల బతుకుతెరువు పోయింది. 1978లో రోములస్ విటేకర్ తోడ్పాటుతో సహకార సంఘం పెట్టుకున్నారు. పామును పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదిలేస్తారు. ఆ విషం పాముకాటు మందుకు పనికొస్తుంది. పామును పట్టే నేర్పు పాతదే. ముప్పు కూడా పాతదే. కొత్తది సంఘం. ముప్పుకు తగిన ప్రతిఫలం, పక్కన నలుగురు మనుషులు వచ్చి చేరారు.

రెండు రోజుల తర్వాత ఆ కుర్రాణ్ణి పిలిచాను. చెరువు గురించి వాడికి తెలిసినంత నాకు తెలియదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుందని పుస్తకంలో చదివాను. వాడు మీటరు పెట్టకముందే నీటి రంగు, వాసన చూసి చెప్పగలడు. వాడికి రానిది లెక్క రాయడం. సీడు, మేత, కరెంటు, ఏరేటర్ల అద్దె, వడ్డీ అన్నీ కాగితం మీద పెట్టించాను. ధర మంచిగా ఉన్న రోజు లెక్కే వాడు వేసుకున్నాడు. ధర పడిన రోజు లెక్క వేయించాను. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

చివరికి నలుగురు కుర్రాళ్లు కలిసి అరెకరం చెరువు తీసుకున్నారు. ఇద్దరు కాపలా పని మానలేదు. ఎంత పోతే ఆపేయాలో ముందే రాసుకున్నారు. నేను జామీను సంతకం పెట్టలేదు. వడ్డీ లేకుండా కొంత డబ్బిచ్చి, పంట పోతే తిరిగి అడగనన్నాను. తెగించమని చెప్పిన నోరు నాది. నష్టంలో నా వాటా లేకపోతే ఆ మాటకు విలువ లేదనిపించింది.

మొదటి పంటకు మనిషికి కొద్దిగా మిగిలింది. రెండో పంట చెరువులో ఉండగా, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఎక్కడో పెట్టిన సంతకానికి బంటుమిల్లి చెరువు గట్టు మీద ధర పడింది. మిగిలిందీ పోయింది. కానీ అప్పులవాడు ఎవరి గుమ్మంలోనూ నిలబడలేదు. ఎవరి చెల్లీ బడి మానలేదు. మళ్లీ వెయ్యాలా వద్దా అని వాళ్లు ఇప్పుడు వాదించుకుంటున్నారు. ఆ నిర్ణయం వాళ్లదే.

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. మన పిల్లలకు ధైర్యం చెబుదాం. దాంతోపాటు లెక్క రాయడం నేర్పుదాం, నలుగురు కలిసి నిలబడటం నేర్పుదాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మిమ్మల్ని ఎవరైనా తెగించమంటే ఒక్కమాట అడగండి: "పోతే మీది ఎంత పోతుంది?" ఆ ప్రశ్న నన్నూ అడగండి.