చక్రాల మీది వంటిల్లు: ఒక శౌచ విచారణ

వంటింటికి ఉన్న పవిత్రత దాని చోటు వల్ల వచ్చిందా, అక్కడ జరిగే పని వల్ల వచ్చిందా అన్న ప్రశ్న, ఆ వంటిల్లు ఇంట్లో కదలకుండా ఉన్నంతకాలం తలెత్తదు. ఆగ్నేయ మూలన పొయ్యి, గడప అవతల చెప్పులు, గడప లోపల మడి కట్టుకున్న మనిషి అనే ఏర్పాటులో చోటూ పనీ ఒకటిగా కలిసిపోయి కనిపిస్తాయి. మడి అంటే తడిపి ఎవరూ తాకకుండా ఆరవేసిన బట్ట కట్టుకుని, వంటా నైవేద్యమూ ముగిసేవరకు ఇతరుల స్పర్శకు ఎడంగా మెలగడం. అదే పొయ్యిని, నీళ్లను, బియ్యాన్ని వాహనం వెనుక తగిలించి లాగే ఒక క్యాంపింగ్ ట్రైలర్‌లో సర్దుకుని, రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి ఘాటు రోడ్డు ఎక్కి, సాయంత్రానికి ఎక్కడ చదునైన నేల దొరికితే అక్కడ తెరిచినప్పుడు, గోడా గడపా లేని ఆ వంటింట్లో శుద్ధి దేన్ని ఆశ్రయించి ఉంటుందన్నది తేల్చుకోక తప్పదు. ట్రైలర్‌లో ఏ అర ఎటు తెరుచుకోవాలన్న పనివాడి ప్రశ్నకూ దీనికీ సంబంధం లేదనిపించవచ్చు గాని, ఆ రెండూ దగ్గరి ప్రశ్నలే.

వైదిక సంప్రదాయం ఈ చిక్కును చాలా ముందే ఎదుర్కొంది. గార్హపత్యం, ఆహవనీయం, దక్షిణాగ్ని అనే మూడు అగ్నులను ఇంట నిలుపుకుని, ఉదయ సాయంకాలాల్లో అగ్నిహోత్రం చేసే గృహస్థును ఆహితాగ్ని అంటారు. కోనసీమ అగ్రహారాల్లో ఈ వ్రతం పట్టిన కుటుంబాలు ఇరవయ్యో శతాబ్దం దాటి కూడా నిలిచాయి. వారి జీవితాలను దీర్ఘకాలం దగ్గరగా పరిశీలించిన అమెరికా పండితుడు డేవిడ్ నైప్ 2015లో ఒక గ్రంథమే వెలువరించారు. అగ్నిని వెంట తీసుకుని ఊరు విడవవలసి వచ్చిన ఆహితాగ్నికి శ్రౌతసూత్రాలు చూపిన దారి సమారోపణ: అరణులను, అంటే మథించి నిప్పు పుట్టించే కొయ్యలను, అగ్నికి చూపి వెచ్చచేసి, మంత్రపూర్వకంగా అగ్నిని వాటిలోకి ఎక్కించి, మజిలీ చేరాక వాటినే మథించి మళ్లీ వెలికి తీయడం. యజమాని తన అరచేతులను అగ్నికి కాచి దాన్ని తనలోకే తీసుకునే ఆత్మసమారోపణ కూడా ఉంది. ఈ విధిని రూపొందించినవారు అగ్నిని గుండానికి కట్టివేయలేదు. మోసుకెళ్లే మనిషి నియమానికి అప్పగించారు. ఆచారం పేరిట చోటును పట్టుకుని వేలాడేవారు ఈ సంగతిని తరచు మరచిపోతారు.

ప్రయాణపు వంట తెలుగువారికి కొత్తదేమీ కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, సుమారు నూరుమంది పరివారంతో, డేరాలతో కాశీకి వెళ్లి, తిరుగుదారిలో రాజమహేంద్రవరం మీదుగా 1831 సెప్టెంబరులో మద్రాసు చేరాడు. ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకి నీటి వసతి ఎట్లా ఉంది, దినుసులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా అన్న వివరాలు నిండి ఉంటాయి. పుణ్యక్షేత్రాల గ్రంథం ఇంత శ్రద్ధగా వంటింటి ప్రశ్నలను నమోదు చేయడం యాదృచ్ఛికం కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువల మీద సరుకు పడవలు నడిచినన్నాళ్లూ పడవవాళ్ల పొయ్యి పడవలోనే ఉండేది.

అయితే కదిలే వంటింటికి ఇంటి వంటగదికి లేని ఒక బాధ్యత ఉంది. మనుస్మృతి మూడో అధ్యాయం గృహస్థుకు ఐదు సూనలు చెబుతుంది. సూన అంటే ప్రాణివధ జరిగే చోటు. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ల కుండ అనే ఈ ఐదింటి వద్ద కంటికి కనపడని జీవులు అనుకోకుండా చనిపోతాయి గనుక, ఆ దోషానికి ప్రతిగా రోజూ ఐదు మహాయజ్ఞాలు చేయాలన్నది శాస్త్రం. మాంసం ముట్టని ఇంట్లోనూ అన్నం హింస లేకుండా ఉడకదన్న ఎరుక ఇందులో ఉంది, ఆ ఎరుక ఏ యుగంలోనైనా గౌరవించదగినది. ఇంట్లో ఈ ఐదూ తరతరాలుగా ఉన్నచోటనే ఉంటాయి. శిబిరంలో మాత్రం అవి నిన్నటివరకు లేని చోట ఈ సాయంత్రం కొత్తగా పుడతాయి. కాబట్టి ప్రయాణపు వంటింటి శుద్ధిని దాని లోపలి శుభ్రతతో కొలిస్తే చాలదు. అది లేచిపోయాక ఆ నేల ఎట్లా ఉందన్నదే దాని అసలు కొలత. ట్రైలర్ వంటింటి అమరికను ఈ కొలతతో చూస్తే, కేవలం సౌకర్యం అనిపించిన అంశాలు కొన్ని ధర్మవిషయాలుగా తేలతాయి.

మొదటిది పొయ్యి. కార్తిక వనభోజనాలకు తోటల్లో తవ్వే గాడిపొయ్యి, అంటే పొడవాటి గుంత తవ్వి దాని మీద గుండిగలు వరుసగా నిలిపే పొయ్యి, వందల మందికి వండడానికి సాటిలేనిది, వంటయ్యాక మట్టితో పూడ్చేయవచ్చు కూడా. కాని తోటకు కాపలా ఉంటుంది, తేమ ఉంటుంది. ఫాల్గుణ చైత్రాల్లో ఆకురాలి ఎండిన మన్యంలో అదే పొయ్యి నుంచి ఒక రవ్వ గాలికి లేస్తే దాన్ని ఆపగలవారు ఉండరు. నేలను తాకని, మూడు వైపులా రేకు అడ్డు ఉన్న గ్యాసు పొయ్యి అక్కడ సౌఖ్యం కోసం కాక, ఆకుల కింద బతికే చీమకూ పురుగుకూ వేడి తగలకుండా ఉండడం కోసం ఎంచుకోదగినది. 5 కిలోల చిన్న సిలిండరును నిటారుగా బిగించి, దాని అరను పడుకునే భాగంతో కలవకుండా మూసి, ఆ అర అడుగున బయటికి రంధ్రాలు పెట్టాలి. వంటగ్యాసు గాలి కంటే బరువు గనుక లీకైతే కిందికే దిగుతుంది, రంధ్రం పైన ఉంటే ఫలితం ఉండదు. పొయ్యి పలక బండికి ఎడమ వైపున బయటికి జారేలా ఉండాలి, ఎందుకంటే ఈ దేశంలో వాహనాలు ఎడమ పక్కన నడుస్తాయి గనుక బండి ఆగినప్పుడు ఆ వైపే రోడ్డుకు దూరంగా ఉంటుంది. గిన్నెలు, పప్పుల డబ్బాలు ఉన్న సొరుగులకు గడియలు లేకపోతే ఘాటు మలుపుల్లో అవే తెరుచుకుంటాయి.

రెండోది నీరు. లీటరు నీళ్లు కిలో బరువు. 60 లీటర్ల తొట్టి ఎక్కడ పెట్టినా బండి తూకాన్ని మారుస్తుంది కాబట్టి దాన్ని ఇరుసుకు దగ్గరగా, వీలైనంత కింద అమర్చడం పనివాళ్లందరికీ తెలిసిన మాటే. అంతగా ఆలోచించనిది కడిగిన నీటి సంగతి. నీటిలో మలమూత్రాలను, ఉమ్మిని, మలినమైన మరి దేన్నీ విడవరాదని మనుస్మృతి నాలుగో అధ్యాయం శాసిస్తుంది. గోదావరిలో స్నానానికి ముందు నదికి నమస్కరించే సంప్రదాయంలో పుట్టినవాడు, అదే గోదావరికి చేరే కొండవాగులో సబ్బు గిన్నెలు తొలిచితే ఆ నమస్కారానికి అర్థం మిగలదు. తొట్టి కింద వాడిన నీటికి మరో డబ్బా ఉండాలి, ఆ నీటిని వాగుకు కనీసం 60 మీటర్ల దూరాన, మెతుకులు వడకట్టి, నేల పీల్చుకునేలా పలచగా చల్లాలి. మంచినీటి తొట్టి ఎంత పెద్దదో వాడిన నీటి డబ్బా కూడా దాదాపు అంత ఉండాలన్న నియమం పాటించని నమూనా, ఎంత అందంగా ఉన్నా, అసంపూర్ణమే.

మూడోది మిగిలిన అన్నం, ఇక్కడ శాస్త్రాన్ని జాగ్రత్తగా చదవాలి. పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం అంటే కాకికీ, కుక్కకూ, పురుగుకూ బలి పేరిట ముద్ద విడవడం. ఊరి నడుమ ఇది కరుణే. అడవి రోడ్డు పక్కన మాత్రం కోతులకు అన్నమో అరటిపండో వేసే అలవాటు వాటిని వాహనాల కిందికి లాగుతుంది, మనుషుల చేతి సంచులమీదికి దూకిస్తుంది, అడవి మేతను మాన్పిస్తుంది. అక్షరాన్ని పాటించి ఉద్దేశాన్ని చంపే ఈ పద్ధతి కంటే, అడవిలో భూతయజ్ఞం అంటే మెతుకు కూడా వదలకుండా మూత బిగుసుకునే డబ్బాలో తిరిగి తీసుకురావడం అని గ్రహించడం శాస్త్రకారుల మనసుకు దగ్గరగా ఉంటుంది. ఇది కొత్త వ్యాఖ్యానమే. అయినా యజ్ఞం ఫలితం ప్రాణికి చేరాలన్న మూలసూత్రాన్ని ఇదే కాపాడుతుంది.

ఇక మనుష్యయజ్ఞం, అంటే అతిథికి అన్నం పెట్టడం. మడి ఎక్కువగా హద్దుల శాస్త్రంగా మిగిలిపోవడం వల్ల, గోడలు లేని చోట కూడా అది గోడలు కట్టగలిగింది: ఉసిరిచెట్టు నీడన అందరూ కలిసి తినవలసిన కార్తిక వనభోజనాలు ఇటీవలి దశాబ్దాల్లో కులసంఘాల పేరిట విడివిడిగా జరగడం గోదావరి జిల్లాల్లో అందరూ చూస్తున్నదే. ఆరుబయట వండి, ఆకాశం కింద కూర్చుని, పక్క కులంవాణ్ణి పిలవని భోజనంలో వనం మాత్రమే ఉంది. దీనికి ఎదురుగా నిలిచే జీవితం అదే డెల్టాలో ఉంది. మండపేటలో 1841లో పుట్టి, లంకల గన్నవరంలో కాపురముండి, 1909లో మరణించిన డొక్కా సీతమ్మ, వైనతేయ నది దాటుతూ వేళకాని వేళ వచ్చిన బాటసారులకు కులం అడగకుండా అన్నం పెట్టింది. ఆమె ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరి, దారిలో ఆకలిగొన్న పిల్లలతో ఒక కుటుంబం తన ఇంటి అన్నం మీద ఆశతో గన్నవరం వైపే వస్తున్నదని విని, పల్లకి వెనక్కు తిప్పించిందని చెప్పుకుంటారు. ఆమె వంటింటికి చక్రాలు లేవు, కాబట్టి దర్శనం వదులుకుని ఆమే వెనుదిరగవలసి వచ్చింది. వంటిల్లు వెంట ఉన్నవాడికి ఆ సాకు కూడా లేదు. రాజమహేంద్రవరంలో నన్నయ తెలుగు చేయడం ప్రారంభించిన ఆరణ్యపర్వపు వనవాసంలో, సూర్యుడిచ్చిన అక్షయపాత్ర ద్రౌపది భోజనం చేసేవరకే అన్నమిస్తుందని ప్రసిద్ధి. వండి వడ్డించేవారు చివర తినాలన్న నియమం అడవి వంటింటికి మొదటినుంచీ ఉన్నదన్నమాట. నలుగురి కోసం కట్టిన ట్రైలర్‌లో ఐదో కంచానికి, ఆరో కంచానికి చోటు ఉంచడం, పొయ్యి వద్ద నిలిచినవారి ముఖం దారి వైపు ఉండేలా పలకను తిప్పడం ఈ యజ్ఞానికి చెందిన వడ్రంగం.

ఈ వాదానికి ఒక పరిమితి ఉంది. మన్యంలో బండి నిలిపినవాడు ఆతిథ్యమిచ్చే గృహస్థు కాదు, తానే అతిథి. రక్షిత అడవిలోకి అటవీశాఖ అనుమతితో వెళ్లినా, ఆ కొండలు కొండరెడ్ల నివాసం. 1945లో వెలువడిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ గ్రంథం పాపికొండల రెడ్ల జీవితాన్ని నమోదు చేసేనాటికే వారు అక్కడ ఎన్నో తరాలుగా ఉన్నారు. ఇప్పుడు మారేడుమిల్లి దారి పొడుగునా అమ్మే బొంగు చికెన్ మన్యం గిరిజనుల వంట నుంచి వచ్చింది: పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన మాంసం కూరి, ఆకుతో మూసి, నిప్పుల్లో కాలుస్తారు. పాత్ర, మూత, కట్టె అన్నీ అక్కడివే, ఏదీ మోసుకురానక్కరలేదు. ఆ నిరాడంబరతను చూసి ముచ్చటపడిన ప్రయాణికుడు తానూ వెదురు నరికి, ఎండుకట్టె ఏరి వండుకుంటే, ఆ నిరాడంబరత అతనికి రాదు. అక్కడివారి బొంగూ కట్టే తగ్గుతాయి. గ్యాసునూ నీళ్లనూ బియ్యాన్నీ ఊరి నుంచే మోసుకురావడం, బొంగు చికెన్ కావాలంటే వండేవారి వద్ద అడిగిన ధరకు కొనుక్కోవడం, గూడెంలో ఎవరైనా పిలిస్తే వెళ్లి పెట్టినది తినడం అక్కడ అతిథిగా ఉన్నవాడు చేయవలసిన పనులు.