దేవకి లేని బొమ్మలు

మా ఇంటి ముందుగది గోడకి మొన్నటిదాకా ఒక చిన్న ఫ్రేము ఉండేది. రాజేంద్రనగర్‌కి వచ్చిన కొత్తలో నేనే మేకు కొట్టి తగిలించాను. అందులో పోస్టుకార్డంత అట్టముక్క. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో మెల్లిన్స్ ఫుడ్ అనే పిల్లల ఆహారానికి ప్రచారంగా ఊరికే పంచిన కార్డు. దానిమీద తెల్లగౌను వేసుకున్న బొద్దుబిడ్డ. ఆ బిడ్డంటే నాకు చాలా ఇష్టం. ఇప్పుడా ఇష్టమే నన్ను ఇబ్బంది పెడుతోంది.

అప్పట్లో రంగుల బొమ్మలు రాతిమీద గీసి అచ్చువేసేవారు. రంగుకొక రాయి. పది రంగులుంటే ఒకే అట్ట పదిసార్లు అచ్చుకి వెళ్ళాలి, వెంట్రుకవాసి జరగకుండా. భూతద్దంతో చూస్తే బుగ్గ బుగ్గలా ఉండదు, గులాబీ చుక్కలూ ఎర్ర చుక్కలూ విడివిడిగా కనిపిస్తాయి. దూరం జరిగితే మళ్ళీ బిడ్డ. ఇలాంటి కార్డులు నా దగ్గర నలభైదాకా ఉన్నాయి. కొన్ని మెల్లిన్స్‌వి, కొన్ని హార్లిక్స్‌వి. మనకి హార్లిక్స్ అంటే ఆస్పత్రిలో ఉన్న చుట్టాన్ని చూడ్డానికి పట్టుకెళ్ళే సీసా. కానీ 1873లో హార్లిక్ సోదరులు అమెరికాలో కంపెనీ పెట్టినప్పుడు అది పసిపిల్లల కోసం. అంతకు ఆరేళ్ళ ముందు, 1867లో, స్విట్జర్లాండులో హెన్రీ నెస్లే పాలూ గోధుమపిండీ కలిపి పిల్లల ఆహారం చేశాడు. తన పేరుకి అర్థం గూడు కాబట్టి, గూట్లో పిల్లలకి మేత పెడుతున్న పక్షిని గుర్తుగా పెట్టుకున్నాడు.

ఈ పిచ్చి నాకు పరిశోధనలోంచే పట్టుకుంది. పాత స్త్రీల పత్రికలు తిరగేస్తూ కథలు చదవాల్సిందానికి ప్రకటనలు చదువుతూ కూర్చునేదాన్ని. 1928లో మద్రాసులో డాక్టర్ కేసరి మొదలుపెట్టిన 'గృహలక్ష్మి' ఉంది కదా. ఆ పత్రిక పేరుమీద స్వర్ణకంకణం అందుకున్న రచయిత్రుల గురించి మనం వ్యాసాలు రాస్తాం. ఆయన స్త్రీల కోసం తయారుచేసి అమ్మిన లోధ్ర మందు గురించి రాయం. స్త్రీల సాహిత్యమూ స్త్రీల శరీరం మీద వ్యాపారమూ ఒకే గుమ్మంలోంచి ఇంట్లోకి వచ్చాయి. దీన్ని చదవడానికి ప్రకటనలు దాచాలనుకున్నాను. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద విడిపేజీలు ఏరాను, తర్వాత విదేశాలనుంచి కార్డులు తెప్పించాను. సాక్ష్యాలు పోగుచేస్తున్నానని చెప్పుకునేదాన్ని. సాక్ష్యాన్నెవరైనా ఫ్రేము కట్టి, రోజూ తుడిచి మురిసిపోతారా?

కిందటేడు మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కాన్పయిన రెండు నెలలకే పనికొచ్చింది. తడిగుడ్డ పెడుతూ పెడుతూ గోడ దగ్గర ఆగింది. "గీ డబ్బ యాడ దొరుకుతదక్కా? మా పిలగాడు గిట్ల ఐతడా?"

నూటపాతికేళ్ళ కిందట వేసిన కార్డు. ఆ భాష ఆమెకి రాదు. ఆ కార్డు చేయాల్సిన పని మాత్రం నా కళ్ళముందే చేసేసింది. పాతబడితే ప్రకటన చచ్చిపోతుందనీ, అప్పుడది కళో చరిత్రో అయిపోతుందనీ నేను నమ్మాను. చావలేదు. మన దేశంలో 1992 చట్టం పాలడబ్బా మీద బిడ్డ బొమ్మగానీ స్త్రీ బొమ్మగానీ వేయకూడదంది. 2003 సవరణ రెండేళ్ళలోపు పిల్లల ఆహారాలన్నిటికీ ప్రకటనలు నిషేధించింది. దుకాణంలో నేరమైన బొమ్మని నేను గోడకి తగిలించుకున్నాను, అదీ అభిరుచి పేరుతో.

నేను ఆమెకి డబ్బా వద్దని చెప్పాను. పాలు పిండి శుభ్రమైన గిన్నెలో పెట్టి రమ్మన్నాను, నాలుగ్గంటలు బయట ఉన్నా పాడవవన్నాను. ఆమె నవ్వింది. ఒకటే గది, ఎండాకాలం, రేకుల కప్పు. అత్త బర్రెపాలలో నీళ్ళు కలిపి పోస్తోందట.

చెబుతున్నప్పుడే నాలుక తడబడింది. ఆరునెలల సెలవు తీసుకుని కూడా నా కూతురికి అయిదో నెలలోనే నేను డబ్బాపాలు పట్టాను. పాలు చాలడం లేదేమోనని భయం. ఆ భయాన్ని ఎలా పుట్టిస్తారో నా నలభై కార్డులూ నాకు నేర్పే ఉన్నాయి, అయినా పుట్టింది. బొమ్మలేని డబ్బా తెచ్చి, కొలతచెంచాతో కొలిచి, కాచిన నీళ్ళలో కలిపాను. పాప బాగానే పెరిగింది. నా దగ్గర కాచిన నీళ్ళున్నాయి, డబ్బా అయిపోతే ఇంకొకటి కొనే జీతముంది. అదే పొడి చేతిలో డబ్బుల్లేని ఇంట్లో పలచనవుతుంది. 1939లో సింగపూర్‌లో డాక్టర్ సిసిలీ విలియమ్స్ డబ్బాపాల ప్రచారాన్ని హత్యతో పోల్చి ప్రసంగించింది. 1977లో నెస్లే బహిష్కరణ ఉద్యమం, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి. వీటన్నిటి పక్షానే నేనిప్పటికీ ఉన్నాను.

కానీ ఒక సంగతి నన్ను వదలడం లేదు. కృష్ణుడికి పాలిచ్చినవాళ్ళని తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ఇద్దరు, యశోద, పూతన. కార్డు డబ్బాని యశోదగా చూపిస్తుంది. మా ఉద్యమాలు దాన్ని పూతనగా చూపించాయి, న్యాయంగానే. ఈ వాదనలో దేవకి ఎక్కడుందని మేం ఎన్నిసార్లు అడిగాం? ఆమె చెరసాలలో ఉంది. పాలు లేక కాదు, బిడ్డని దగ్గరుంచుకునే వీలు లేక. నా కార్డుల్లో తల్లి ఉన్నచోట కూడా ఆమె కుర్చీలో తీరిగ్గా కూర్చుని ఉంటుంది. పనికి పోతున్న తల్లి ఒక్క కార్డులోనూ లేదు. తల్లిపాల వారోత్సవాల పోస్టర్లలోనూ ఆమెని నేను చూసింది తక్కువే. తల్లిపాలు అమృతమని పోస్టర్ చెబుతుంది. అమృతం సరే, ఇవ్వడానికి రోజుకి ఎనిమిదిసార్లు పనిలోంచి లేచి వెళ్ళే హక్కెవరిచ్చారు? 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకి పెంచినప్పుడు మనం చప్పట్లు కొట్టాం. అది పదిమందీ అంతకు మించీ పనిచేసే సంస్థల ఉద్యోగినులకి. ఇంటింటికీ తిరిగి అంట్లు తోమే స్త్రీకి యజమానులు నలుగురు, సంస్థ ఒక్కటీ లేదు. ఆ నలుగురిలో నేనొకదాన్ని. ఆమె మళ్ళీ పనికొచ్చిన రోజు, హమ్మయ్య అనుకున్నదాన్ని.

కార్డు తీసి పెట్టెలో పెట్టాను. చించెయ్యలేదు, అమ్మెయ్యలేదు. దాన్ని ఎలా తయారుచేశారో, ఏ భయాన్ని తాకుతుందో తరగతిలో చెప్పాలంటే అది చేతిలో ఉండాలి. గోడమీద వివరించడానికి ఎవరూ ఉండరు, బుగ్గలు మాత్రమే ఉంటాయి.

"బొమ్మ ఏదక్కా? మంచిగుండె గదా పిలగాడు," అంది ఆమె మర్నాడు. ఏదో చెప్పి తప్పించుకున్నాను. బిడ్డని వెంట తెచ్చుకోమన్నాను, పని మధ్యలో పాలివ్వమన్నాను, ఒక పూట పని తగ్గించి జీతం అంతే ఉంచాను. ఇప్పుడు మా ముందుగదిలో చాప మీద పడుకుంటున్నాడు. బొద్దుగా ఏమీ లేడు, గట్టిగా ఏడుస్తాడు. మిగతా మూడిళ్ళలో బిడ్డని తీసుకురావడానికి ఒప్పుకోలేదట. అక్కడికెళ్ళేటప్పుడు అత్త దగ్గరే వదిలి వెళ్తోంది.