జవాబు యంత్రానిది, జవాబుదారి ఎవరు?

"కంప్యూటర్ ఒప్పుకోవడం లేదమ్మా." ఏదో ఒక కౌంటర్ దగ్గర ఈ మాట విని వెనుదిరిగిన తల్లులు మన విచారణల్లో ఎందరో ఉంటారు. ఎందుకు ఒప్పుకోవడం లేదని అడిగితే గుమాస్తాకూ తెలియదు. ఆమె అప్పు ఆగిపోయింది. ఆపినవారు మాత్రం ఎవరూ లేరు!

ఒకప్పుడు కంప్యూటర్‌కు ప్రతి నియమాన్నీ మనిషే రాసి ఇచ్చేవాడు. నియమం తప్పయితే రాసినవాడు ఎక్కడో ఒకడు ఉండేవాడు; వెతికితే దొరికేవాడు. ఇప్పుడు పరిశోధన మరో దారి పట్టింది. నియమాలకు బదులు కోట్లాది ఉదాహరణలు ఇస్తారు; యంత్రం వాటిలోని పోలికలను పట్టుకొని తానే నేర్చుకుంటుంది. 2022 నవంబరులో వచ్చిన చాట్‌జీపీటీ ఇలా నేర్చుకున్నదే. యంత్రానికి మనిషి మాట నేర్పే పరిశోధనలో మన తెలుగువారూ ముందున్నారు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

అయితే, నేర్చుకున్నదంతా యంత్రంలో కోట్లాది అంకెలుగా ఉంటుంది. ఫలానా జవాబు ఎందుకిచ్చిందో తయారుచేసినవారే పూర్తిగా చెప్పలేరు. అందుకే ఆ అంకెల లోపల ఏం జరుగుతున్నదో చదవడం నేడు ఒక ముఖ్యమైన పరిశోధన అయింది.

ఇది పండితుల గొడవ మాత్రమే కాదు. ముఖాన్ని చూసి స్త్రీయో పురుషుడో చెప్పే మూడు సంస్థల యంత్రాలను జాయ్ బూలమ్‌వీనీ, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకురాళ్లు 2018లో పరీక్షించారు. తెల్లని పురుషుల విషయంలో తప్పులు నూటికి ఒకటి కూడా లేవు. నల్లని స్త్రీల విషయంలో నూటికి 34.7 వరకు ఉన్నాయి. ఇలాంటి యంత్రాలను పరీక్షించే ఫోటోల్లోనే తెల్లని ముఖాలు ఎక్కువని కూడా వారు చూపారు. ఎవరూ కావాలని చేయలేదు. ఎవరూ పట్టించుకోలేదు, అంతే. పట్టించుకోకపోవడం పొరపాటు కాదా?

"మనుషులు తప్పు చేయరా?" అని మీరు అడగవచ్చు. చేస్తారు. కొన్ని పనుల్లో యంత్రమే మేలు. ప్రొటీన్ల ఆకారాన్ని కంప్యూటర్‌తో ముందుగా కనుగొన్నందుకు 2024లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. రేపు ఎన్నో మందులకు అది దారి కావచ్చు. కాబట్టి ప్రశ్న ఎవరు తక్కువ తప్పులు చేస్తారన్నది కాదు. తప్పు చేసిన మనిషి తలవంచి "నాదే పొరపాటు" అనగలడు, దిద్దుకోగలడు, నష్టపోయినవారి చేయి పట్టుకోగలడు. యంత్రం జవాబు ఇస్తుంది, జవాబుదారి కాలేదు. నైతిక బాధ్యత మనిషిదేనని 2025 జనవరిలో వాటికన్ వెలువరించిన 'ఆంతిక్వా ఎత్ నోవా' పత్రం కూడా గుర్తుచేసింది.

కనుక యంత్రాన్ని కొన్న అధికారి, నమ్మిన గుమాస్తా, తయారుచేసిన శాస్త్రజ్ఞుడు తమ వంతు బాధ్యతను దానిమీదికి నెట్టలేరు. మన ఇళ్లలోనూ అంతే. ఫోన్ చెప్పిన జవాబును మీ అబ్బాయి నోటుపుస్తకంలో ఎక్కించుకుంటుంటే కోప్పడకండి. పక్కన కూర్చొని ఒక్కమాట అడగండి: "ఇది నిజమని నీకెలా తెలుసు, నాన్నా?" ఆ ప్రశ్నకు తడుముకునే పిల్లవాడే రేపు కౌంటర్ వెనుక కూర్చుంటాడు. ఎదుట నిలబడిన తల్లికి ఏం చెబుతాడన్నది ఈ రోజు మన చేతిలో ఉంది.