ఆప్తవాక్యమూ అల్గారిథమూ

భూగోళం వేడెక్కుతున్నదన్న సంగతిని ఏ మనిషీ కంటితో చూసి తెలుసుకోలేడు. ఊరి ఎండ ఒంటికి తెలుస్తుంది, కార్తె తప్పిన వాన పొలంలో కనబడుతుంది. కాని పందొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి భూకేంద్రాలూ నౌకలూ, ఆ తరువాత ఉపగ్రహాలూ పోగుచేసిన కొలతలను సరిచూసి, వాటి లోపాలను దిద్ది, లెక్కగట్టిన ప్రపంచ సగటు ఉష్ణోగ్రత ఇంద్రియాలకు అందే వస్తువు కాదు. శాస్త్రజ్ఞులకు కూడా ఈ మాట వర్తిస్తుంది, ఎందుకంటే ధ్రువప్రాంతపు మంచుపొరలను తవ్వి పాతకాలపు గాలిని పరీక్షించేవారు సముద్రజలాల వేడిని కొలిచేవారి అంకెలను నమ్మవలసిందే, వారిద్దరూ కంప్యూటర్ నమూనాలు తయారుచేసేవారి మాట నమ్మవలసిందే. మరొకరి మాట ద్వారా కలిగే ఇటువంటి జ్ఞానానికి ఆధారమైనదాన్ని భారతీయ దార్శనికులు శబ్దప్రమాణం అన్నారు. ప్రమాణమంటే సరైన జ్ఞానాన్ని కలిగించే సాధనం. అందువల్ల ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్, ఎక్స్ (పూర్వపు ట్విటర్) వంటి వేదికలు వాతావరణ విజ్ఞానాన్ని జనానికి ఎలా చేరవేస్తున్నాయన్న ప్రశ్న సాంకేతికంగా కనబడినా, దాని లోపల చాలా పాత ప్రశ్న ఒకటి ఉన్నది: ఎవరి మాట ప్రమాణం, ఎందువల్ల?

గౌతముని న్యాయసూత్రాలు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను అంగీకరించి, ఆప్తుడు చేసిన ఉపదేశాన్నే శబ్దప్రమాణంగా నిర్వచించాయి. భాష్యకారుడైన వాత్స్యాయనుడు ఆ ఆప్తునికి చెప్పిన గుర్తులు గమనించదగినవి: అతడు విషయాన్ని సాక్షాత్తుగా తెలుసుకుని ఉండాలి, తెలిసినదాన్ని తెలిసినట్టే చెప్పాలన్న కోరిక అతనికి ఉండాలి. ఋషి అయినా, ఆర్యుడైనా, మ్లేచ్ఛుడైనా ఈ లక్షణం ఒక్కటేనని ఆయన తేల్చిచెప్పడం, పుట్టుకనూ హోదానూ ఆప్తత్వం నుంచి విడదీయడమే. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రచించిన తెలుగు పండితుడు అన్నంభట్టు దీన్ని ఇంకా కుదించి, ఉన్నది ఉన్నట్టు పలికేవాడే ఆప్తుడన్నాడు. ఈ నిర్వచనాలలో వక్త మాటను ఎందరు విన్నారన్నదానికి గాని, విన్నవారికి ఎంత కోపమో సంతోషమో కలిగిందన్నదానికి గాని చోటు లేదు.

వక్త ఎవరో తెలియని మాట గురించి కూడా ఈ సంప్రదాయం ఆలోచించింది. మొదట పలికినవారెవరో తెలియకుండా, ఒకరి నుంచి ఒకరికి వాడుకగా వచ్చిన మాటను ఐతిహ్యం అంటారు. ఫలానా మర్రిచెట్టు మీద యక్షుడున్నాడని ఊళ్లో చెప్పుకోవడం శాస్త్రగ్రంథాల్లో దీనికి స్థిరపడిన ఉదాహరణ. ఐతిహ్యం వేరే ప్రమాణమని కొందరు వాదించగా న్యాయదర్శన అనుయాయులైన నైయాయికులు ఒప్పుకోక, దాని మూలంలో ఆప్తుడుంటే అది శబ్దంలోనే చేరుతుందని, లేకపోతే అసలు ప్రమాణమే కాదని తేల్చారు. ఈ తీర్పు వాట్సాప్‌లో తిరిగే సందేశాలకు అక్షరాలా వర్తిస్తుంది. ఇటీవలి ఏళ్లలో మన దేశంలో పదే పదే చక్కర్లు కొట్టిన ఒక సందేశం, రేపు తెల్లవారి 5:27 గంటల నుంచి అపహేళి మొదలవుతుందని (అపహేళి అంటే భూమి తన కక్ష్యలో సూర్యునికి అత్యంత దూరంగా ఉండే స్థానం), మామూలుగా 9 కోట్ల కిలోమీటర్లున్న దూరం 15.2 కోట్లకు పెరుగుతుందని, అందువల్ల ఆగస్టు దాకా చలీ జలుబూ దగ్గూ తప్పవని హెచ్చరించింది. 15.2 కోట్ల కిలోమీటర్లన్న అంకె నిజమే. అబద్ధమైనది మొదటి అంకె (బహుశా మైళ్ల లెక్కను ఎవరో కిలోమీటర్లుగా రాసి ఉంటారు). సూర్యునికి భూమి అత్యంత దగ్గరగా వచ్చే జనవరిలో దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, అత్యంత దూరమయ్యే జూలైలో సుమారు 15.2 కోట్లు, తేడా మూడు శాతం చిల్లర, అదీ ఏటా జరిగేదే, పైగా ఆ జూలైలోనే ఉత్తరార్ధగోళంలో వేసవి. ఋతువులకు కారణం దూరం కాదని, భూమి అక్షం ఒరిగి ఉండడమని పాఠశాలలో చదువుకున్నవారే ఈ సందేశాన్ని బంధువులకు పంపించారు. వాట్సాప్ 2018లో ఫార్వర్డ్ అన్న ముద్రను ప్రవేశపెట్టి, భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి చేసింది; 2020 ఏప్రిల్ నుంచి ఎక్కువసార్లు చేతులు మారినదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. ప్రయాణ వేగం దీనివల్ల తగ్గింది. ఆ ముద్ర మాత్రం మాట వేరే చోటి నుంచి వచ్చిందని చెప్పగలదే గాని ఎవరి నుంచి వచ్చిందో చెప్పలేదు.

బహిరంగ వేదికల్లో మాటకు వక్త పేరు ఉంటుంది, కాని అక్కడ వేరే చిక్కు ఉన్నది. చదువరి ముందుకు ఏ పోస్టు ముందు రావాలో, ఏది అడుగున పడిపోవాలో నిర్ణయించే గణనవిధానాన్ని అల్గారిథం అంటారు. అది ప్రతి పోస్టుకూ, దానిమీద జనం ఎలా స్పందిస్తారన్న అంచనాను బట్టి, ఒక విలువ కడుతుంది. ఫేస్‌బుక్ 2016లో లైక్‌తో పాటు ప్రేమ, నవ్వు, ఆశ్చర్యం, దుఃఖం, కోపం గుర్తులను ప్రవేశపెట్టిన తరువాత, ఆ గుర్తుల్లో ఒక్కొక్కదానికి లైక్‌కు ఐదింతల విలువ ఇచ్చిందని 2021లో బయటపడిన ఆ సంస్థ అంతర్గత పత్రాలు తెలిపాయి. కోపపు గుర్తు విలువను సున్నా చేయడానికి 2020 దాకా పట్టింది. ఎవరూ అబద్ధాన్ని ప్రోత్సహించాలని కూర్చుని ఈ లెక్క వేయలేదు. ఒక ఉష్ణోగ్రత పట్టికను చూసి తల ఊపి ముందుకు పోయిన చదువరి ఆ లెక్కలో లేనట్టే, శాస్త్రజ్ఞులంతా దొంగలన్న మాట చూసి మండిపడ్డ చదువరి మాత్రం, అతడు దాన్ని ఖండించడానికే మండిపడినా, ఆ మాటను పదిమందికి చూపించినట్టే. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 2006 నుంచి 2017 వరకు ట్విటర్‌లో నడిచిన సుమారు 1,26,000 వార్తల ప్రయాణాన్ని పరిశీలించి 2018లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అబద్ధపు వార్తను జనం మళ్లీ పంచుకునే అవకాశం నిజంకన్నా 70 శాతం ఎక్కువ. 1,500 మందిని చేరడానికి నిజానికి అబద్ధంకన్నా ఆరింతల కాలం పట్టింది. ఆ తేడాకు యంత్రఖాతాలు కారణం కాదని, మనుషులే కారణమని కూడా వారు చూపించారు. అధ్యయనం వాతావరణ వార్తలకే పరిమితమైనది కాదు, కాని కొత్తదనమున్న మాట వేగంగా పాకుతుందన్న దాని ఫలితం వాతావరణ విజ్ఞానానికి మరింత ప్రతికూలం, ఎందుకంటే ఆ శాస్త్రం దశాబ్దాలుగా చెబుతున్నది దాదాపు ఒకే మాట.

ఇక్కడ న్యాయదర్శనంలోని మరో భాగం అవసరమవుతుంది. ఆ దర్శనం లెక్కించిన పదహారు పదార్థాలలో, అంటే విచారణాంశాలలో, సంశయం ఒకటి, నిర్ణయం మరొకటి. దూరాన నిలువుగా కనబడేది మోడా మనిషా అన్న సంశయం దోషం కాదు, విచారణ అక్కడే మొదలవుతుంది. సంశయం లేనివాడికి విచారణతో పనే లేదు. విచారణ జరిగే చర్చను మూడు రకాలుగా విభజించారు: సత్యం తేల్చుకోవడానికి ఇద్దరూ చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ నిలబెట్టుకోకుండా ఎదుటివాడి పక్షాన్ని పడగొట్టడమే పనిగా చేసేది వితండ. వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం, అంటే ఐపీసీసీ, 2021 ఆగస్టులో వెలువరించిన నివేదిక 14,000 పైగా పరిశోధన పత్రాలను ఆధారం చేసుకున్నది. దాని ముసాయిదాలపై వచ్చిన 78,000 వ్యాఖ్యలలో ప్రతిదానికీ రచయితలు రాతపూర్వకంగా జవాబిచ్చారు. పూర్వపక్షాన్ని ఇంత ఓపికగా విన్న వాదసభ ఆధునిక కాలంలో అరుదు. ఆ నివేదిక తన సంశయాన్ని కూడా కొలిచి చెబుతుంది: 66 శాతానికి పైబడిన అవకాశానికి ఒక మాట, 90 శాతానికి పైబడినదానికి ఇంకొక మాట స్థిరంగా వాడుతుంది. తెలిసినదాన్ని తెలిసినంతమేరకే చెప్పాలన్న కోరికకు ఇంతకన్నా స్పష్టమైన రూపం ఉండదు. అదే నిజాయితీ, వేదిక పేర్చి చూపే పోస్టుల వరుస అయిన ఫీడ్‌లోకి వచ్చేసరికి బలహీనతగా మారుతుంది, ఎందుకంటే వైతండికుడికి ఎదుటివారు తామే ఒప్పుకున్న సంశయం చాలు, అక్కడ పట్టుకుని నిర్ణయం దాకా రానివ్వడు. పొగాకు వ్యాపారులు ధూమపానం విషయంలో మొదట ప్రయోగించి, తరువాత ఇంధన వ్యాపారానికి అందిన ఈ పద్ధతిని చరిత్రకారులు నేయోమీ ఒరెస్కెస్, ఎరిక్ కాన్వే 2010లో తమ పుస్తకంలో వివరంగా రాశారు.

వితండకు పక్షం లేదనడానికి యూట్యూబ్ మంచి సాక్ష్యం. వాతావరణ మార్పు లేనే లేదని, అందులో మనిషి పాత్ర లేదని చెప్పే వీడియోలపై ప్రకటనల ఆదాయం ఇవ్వబోమని యూట్యూబ్ యజమాని గూగుల్ 2021 అక్టోబరులో ప్రకటించింది. ఆన్‌లైన్ ద్వేషాన్ని పరిశీలించే సీసీడీహెచ్ అనే సంస్థ 96 ఛానళ్లలోని 12,000 పైగా వీడియోలను పరిశీలించి 2024 జనవరిలో ఇచ్చిన నివేదికలో, వేడెక్కడమే లేదన్న పాత నిరాకరణ తగ్గి, పరిష్కారాలు పనిచేయవు, శాస్త్రజ్ఞులను నమ్మరాదు అన్న కొత్త నిరాకరణ వాటా 2018లోని 35 శాతం నుంచి 2023లో 70 శాతానికి చేరిందని తేల్చింది. ఆ సంస్థ గీసిన గీత కొంత విశాలమైనదే, గాలిమరల ఖర్చు గురించి న్యాయంగా తర్కించేవారు కూడా అందులో పడే ప్రమాదమున్నది. అయినా నిన్న వేడే లేదన్న నోరు ఇవాళ వేడికి మందు లేదనడం, రెండు మాటలకూ మధ్య ఒక్క ఒప్పుకోలు కూడా లేకపోవడం, పక్షం మారడం కాదు, పక్షం ఎప్పుడూ లేకపోవడం.

అయితే వినేవాడు ఏం చేయాలి? దీనిమీద మీమాంసకులకూ నైయాయికులకూ శతాబ్దాల వివాదమున్నది. మీమాంసకుడైన కుమారిలభట్టు అనుయాయుల దృష్టిలో జ్ఞానం స్వతఃప్రమాణం, అంటే దాన్ని ఖండించే బాధకం ఎదురయ్యేదాకా దాన్ని నిజమనే స్వీకరించాలి. ప్రతి మాటనూ రుజువు చేసుకుని నమ్మాలంటే లోకవ్యవహారం నడవదు. నైయాయికుల మతం పరతఃప్రామాణ్యం: జ్ఞానం నిజమో కాదో బయటి పరీక్ష వల్ల తెలుస్తుంది, నీళ్లనుకున్నచోటికి వెళ్లి తాగి దాహం తీరితే అది ఎండమావి కాదని తేలుతుంది. మొదటి వైఖరితో ఫీడ్‌ను చదివితే అపహేళి సందేశాన్నీ నమ్మవలసి వస్తుంది. రెండవ వైఖరితో వాతావరణ శాస్త్రాన్ని పరీక్షిద్దామంటే, 2100 నాటి ఉష్ణోగ్రత నిజమో కాదో తెలుసుకోవడానికి 2100 దాకా ఆగాలి. పరీక్ష పూర్తయ్యేసరికి ప్రమాదం తప్పించుకునే వేళ దాటిపోతుంది. కంటికి కనబడే విషయం గురించి చెప్పేది దృష్టార్థ శబ్దం, కనబడనిదాన్ని గురించి చెప్పేది అదృష్టార్థ శబ్దం అన్న న్యాయసూత్ర విభాగంలో, భవిష్యత్తు వాతావరణం రెండోదానికి చెందుతుంది.

ఈ చిక్కుకు న్యాయసూత్రాలలోనే ఒక దారి ఉన్నది. వేదం ఎందుకు ప్రమాణమన్న ప్రశ్నకు గౌతముడు ఆయుర్వేదాన్ని దృష్టాంతంగా చూపాడు: మందు పనిచేయడం కంటికి కనబడుతుంది గనుక, దాన్ని చెప్పినవారు ఆప్తులని తేలుతుంది, ఆ ఆప్తులే చెప్పిన కనబడని విషయాలకు కూడా ఆ ప్రామాణ్యం సంక్రమిస్తుంది. వేదం విషయంలో ఈ వాదం నిలుస్తుందా లేదా అన్నది వేరే చర్చ. వాతావరణ శాస్త్రం విషయంలో మాత్రం దీనికి గట్టి బలమున్నది. స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ 1967లోనే, కార్బన్ డయాక్సైడ్ పెరిగితే నేల వేడెక్కుతుందని, పైనున్న స్ట్రాటోస్ఫియర్ అనే పొర చల్లబడుతుందని లెక్కగట్టారు. కారణం సూర్యుడే అయితే రెండూ వేడెక్కాలి. ఆ తరువాత దశాబ్దాల కొలతలు నేల వేడెక్కి పైపొర చల్లబడినట్టే చూపాయి, మనాబేకు 2021లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. 1970 నుంచి 2007 వరకు వెలువడిన 17 పాత అంచనాలను తరువాతి వాస్తవాలతో పోల్చిన ఒక అధ్యయనంలో, వెలువడిన వాయువుల లెక్కను సరిచేసి చూస్తే 14 సరిపోయాయి. ఇంకా విచిత్రం, ఎక్సాన్ చమురు సంస్థ సొంత శాస్త్రజ్ఞులు 1977 నుంచి 2003 వరకు చేసిన అంచనాలలో కూడా అధికభాగం నిజమయ్యాయని 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశీలన చూపించింది. ఆ సంస్థ బహిరంగంగా సంశయాన్ని ప్రచారం చేస్తున్న కాలంలో లోపల ఆప్తవాక్యం వింటూనే ఉన్నది.

వేదికలు చేసిన అసలు హాని ఈ దారి దగ్గర కనబడుతుంది. ఆప్తత్వం పాత మాటల చరిత్ర మీద ఆధారపడుతుంది, ఫీడ్‌కు చరిత్ర లేదు. 1998 తరువాత వేడెక్కడం ఆగిపోయిందని ఏళ్ల తరబడి రాసినవారి మాటను 2014, 2015, 2016 వరుసగా రికార్డులు బద్దలుకొట్టి ఖండించినా, ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం 2024 సగటు పారిశ్రామిక యుగానికి ముందటికన్నా 1.55 డిగ్రీలు పెరిగినా, వారి కొత్త పోస్టు పాత ఓటమిని మోసుకురాదు. ఓడిపోయానని ఒప్పుకోక తప్పని స్థితిని తర్కశాస్త్రం నిగ్రహస్థానం అన్నది. అల్గారిథానికి అటువంటి స్థానమే లేదు. ట్విటర్‌లో 2022 నవంబరు నుంచి నీలి గుర్తును నెలకు ఎనిమిది డాలర్లకు అమ్మడంతో, ఖాతా ఎవరిదో చెప్పే కనీస చిహ్నం కూడా చందా రసీదుగా మిగిలింది.

ఇవే వేదికలు శాస్త్రానికి మేలు కూడా చేశాయన్నది కాదనరాదు. బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు ఎడ్ హాకిన్స్ 2018లో ఏడాదికొక గీతగా, నీలం నుంచి ఎరుపుకు మారే రంగుల పట్టీగా ఉష్ణోగ్రతను చిత్రించగా, ఒక్క అంకె కూడా లేని ఆ చిత్రం సామాజిక మాధ్యమాల ద్వారానే లోకమంతా పాకింది. కాని అదే ఏడాది వచ్చిన ఐపీసీసీ ప్రత్యేక నివేదికకు పట్టిన గతి ఇంకొకటి. ఉష్ణోగ్రత పెరుగుదలను 1.5 డిగ్రీల వద్ద ఆపాలంటే 2030 నాటికి కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు 2010 స్థాయి నుంచి సుమారు 45 శాతం తగ్గాలన్న దాని వాక్యం, పన్నెండేళ్లలో ప్రపంచం అంతమన్న నినాదంగా మారింది. దాన్ని వ్యాపింపజేసినవారు శాస్త్రం పక్షం వహించినవారే. అయినా ఉన్నది ఉన్నట్టు పలకనివాడు ఏ పక్షంవాడైనా ఆప్తుడు కాడు.

శాస్త్రజ్ఞులు ఇంకా బాగా మాట్లాడటం నేర్చుకోవాలన్న సలహా తరచు వినబడుతుంది. అది అన్యాయమైన సలహా, ఎందుకంటే వక్త ఎంత నేర్పరి అయినా, సభ నియమాలే నిర్ణయానికి అడ్డుపడితే వాదం వాదంగా మిగలదు. పూర్వపు శాస్త్రచర్చల్లో వాది ప్రతివాదులతో పాటు మధ్యస్థుడు ఉండేవాడు, అతని తీర్పు సభ అంతటి ఎదుటా వెలువడేది. నేటి వేదిక తాను మధ్యస్థుణ్ణి మాత్రమేనంటూనే చర్చ ఎంతసేపు సాగితే అంత ప్రకటన ఆదాయం పొందుతుంది, ఏ మాటను ఎందుకు ముందు నిలిపిందో ఎవరికీ చెప్పదు. ట్విటర్ సమాచారాన్ని పరిశోధకులు ఉచితంగా పరిశీలించే వీలు 2023లో మూతపడింది. ఫేస్‌బుక్, వాట్సాప్‌ల యాజమాన్య సంస్థ మెటా 2025 జనవరిలో అమెరికాలో బయటి సంస్థలచేత నిజనిర్ధారణ చేయించే పద్ధతిని విరమించుకుంటున్నట్టు ప్రకటించింది. యూరోపియన్ యూనియన్ మాత్రం 2022లో ఆమోదించిన డిజిటల్ సేవల చట్టంలో, పెద్ద వేదికలు తమ లోపలి సమాచారాన్ని అర్హులైన పరిశోధకులకు చూపించాలని నిర్బంధించింది; కోట్లాది వాట్సాప్, యూట్యూబ్ వాడకందారులున్న భారతదేశంలో పరిశోధకులకు అటువంటి హక్కునిచ్చే చట్టం ఇంకా రాలేదు.