పెట్టెలోని కత్తి



మా విచారణకు చెందిన ఒక యువకుడు పోయిన నెలలో నన్నొక ప్రశ్న అడిగాడు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేసుకుంటున్న బుద్ధిమంతుడు. తాగుడు, జూదం వంటివి ఎరుగడు. అతనికున్న సరదా ఒక్కటే, పాత మంగలికత్తులు సేకరించడం. “ఫాదర్, నా దగ్గర నలభై కత్తులున్నాయి. వాటిలో ఆరింటితోనే గడ్డం గీసుకుంటాను. మిగిలినవి అద్దాల పెట్టెలో ఉంటాయి. కొన్నయితే తయారైన నాటినుండి ఒక్క గడ్డాన్ని కూడా తాకలేదు. వాడితే వాటి వెల పడిపోతుంది. ఇలా ఉంచుకోవడం తప్పా?” అన్నాడు.

చిన్న ప్రశ్నే కదా అని నవ్వి ఊరుకోవచ్చు. కాని నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. దానికి నా సొంత కారణం ఒకటుంది. అది తర్వాత చెబుతాను. ముందు ఆ వస్తువు ఎటువంటిదో చూద్దాం. ఎందుకంటే నేటి పిల్లలలో చాలామంది దానిని చూసి ఉండరు.

అది పిడిలోకి మడతపడే కత్తి. బెత్తెడు పొడవుండే ఉక్కు పలక. దాని వెన్ను మందంగా ఉంటుంది, వాదర కంటికి కనబడనంత పలుచగా ఉంటుంది. వెన్నుకూ వాదరకూ నడుమ రెండు ప్రక్కలా లోపలికి పల్లంగా అరగదీస్తారు. నూరేటప్పుడు వెన్నునూ వాదరనూ రెండింటినీ సానరాయి మీద ఆనించి నడపాలి. వాదర అరిగినకొద్దీ వెన్ను కూడా అరుగుతుంది. అందుచేత ఎన్నేళ్లు నూరినా పదును కోణం చెడిపోదు. గీసుకునే ముందు తోలుపట్టా మీద అటూ ఇటూ తిప్పి వాదరను సరిచేయాలి. గీసుకున్నాక తుడిచి, ఆరనిచ్చి, నూనె రాయాలి. తడి ఉన్నదా, తుప్పు పడుతుంది. వెనుకటి సంపన్నులు వారంలో ఏడు రోజులకూ ఏడు కత్తులు పెట్టుకునేవారు. ఒక్కో కత్తి వెన్ను మీద ఒక్కో రోజు పేరు చెక్కి ఉండేది.

ఈ కత్తులకు పేరుమోసిన ఊళ్లు రెండు: ఇంగ్లండులో షెఫీల్డు, జర్మనీలో జోలింగెన్. 1740లలో షెఫీల్డు దగ్గర బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు మంచి స్ప్రింగుల కోసం వెదుకుతూ, ఉక్కును మూసలలో కరిగించే పద్ధతి కనిపెట్టాడు. ఆ ఉక్కే షెఫీల్డు కత్తులకు కీర్తి తెచ్చింది. అయితే మూసలో ఉక్కు చేయడం మన నేలకు కొత్త కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో కమ్మరులు చేసిన ఉక్కు కోసం 1820లలో కూడా పర్షియా వర్తకులు అంత దూరం నుండి వచ్చేవారు. ఆ రోజులలోనే లండనులో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు దక్షిణ భారతం నుండి వచ్చిన ఉక్కు ఐరోపా ఉక్కుకంటె మేలైనదని చాటి, దానితో కత్తులు చేసి అమ్మాడు. మైకేల్ ఫారడే వంటి శాస్త్రజ్ఞుడు అతనితో కలిసి ఉక్కు మిశ్రమాల మీద పరిశోధన చేసి, 1822లో ప్రకటించాడు. షెఫీల్డు కత్తి మీద షెఫీల్డు ముద్ర ఉంటుంది. కోనసముద్రం కమ్మరి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఒక పాత వస్తువును చేతబట్టి “ఇది నాది” అనే ముందు ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోవడం మంచిది.

1903లో అమెరికాలో జిలెట్ అనే ఆయన వాడి పారవేసే బ్లేడును అమ్మకానికి పెట్టాడు. ఆ మొదటి ఏడాది అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. తరువాతి కథ మనకు తెలిసినదే. నూరడం పోయింది, తోలుపట్టా పోయింది. కోసుకుంటుందేమో అనే భయం తగ్గింది, పని సులువయింది. ఇందులో మేలు లేదని నేననను. కాని పాడైతే బాగుచేసుకోవాలనే అలవాటు పోయి, పాడైతే పారేయాలనే అలవాటు వచ్చింది. మన యువకుని వంటివారు పాత కత్తుల వైపు తిరగడానికి ఇదే కారణమనుకుంటాను. పారవేయడానికి వీలులేని వస్తువు ఒక్కటైనా చేతిలో ఉండాలని మనిషికి ఉంటుంది. ఆ కోరిక మంచిదే.

ఇక ప్రశ్నకు వద్దాం. వస్తువుకు రెండు ఉపయోగాలున్నాయని అరిస్టాటిల్ చెప్పాడు. చెప్పుల జతను తొడుక్కోవచ్చు, మరొక వస్తువు కోసం మారకం వేయవచ్చు. మొదటిది చెప్పుకు సహజమైన ఉపయోగం. రెండవది కూడా ఉపయోగమే గాని, చెప్పు పుట్టింది అందుకు కాదు. గీయని కత్తిని వెల తగ్గకుండా దాచిన మన యువకుడు ఆ రెండవ ఉపయోగం కోసం మొదటిదానిని వదులుకున్నాడన్నమాట.

దీనికి అతడు ఊరక చేతులు కట్టుకోలేదు. “ఫాదర్, వాడితే అది అరిగిపోతుంది కదా! నూరిన ప్రతిసారీ కొంత ఉక్కు పోతుంది. నేను దాచకపోతే నా తరువాతివారికి ఏమి మిగులుతుంది?” అన్నాడు. ఇది తేలికగా కొట్టివేయదగిన మాట కాదు.

గురుమఠంలో చదువుకునే రోజులలో ఒకామ్ విలియం పేరు వినని విద్యార్థి ఉండడు. అవసరం లేని కల్పనలను తర్కంలోనుండి గీసివేయాలనే సూత్రాన్ని “ఒకామ్ క్షురకత్తి” అంటారు. ఆ పేరు ఆయన పెట్టుకున్నది కాదు, తరువాతి శతాబ్దాలలో వచ్చినది. చాలామందికి తెలియనిది మరొకటి ఉంది. ఆ ఫ్రాన్సిస్కన్ సన్యాసి తన జీవితంలో ఎక్కువ మూల్యం చెల్లించింది తర్కం కోసం కాదు, సరిగ్గా మన ప్రశ్న కోసం. వస్తువును సొంతం చేసుకోకుండా కేవలం వాడుకోవడం సాధ్యమా అన్నదే ఆ వాదం. సాధ్యమేనని ఫ్రాన్సిస్కన్లు అన్నారు. 1279లో మూడవ నికొలాసు పోపుగారు దానిని అంగీకరించారు. 1322లో ఇరవైరెండవ యోహాను పోపుగారు అడ్డుచెప్పారు. తింటే రొట్టె అయిపోతుంది కదా, అయిపోయేదానిలో వాడకం వేరు, సొంతం వేరు అని ఎలా విడదీస్తారు అని ఆయన ప్రశ్న. 1328లో ఒకామ్ తన మఠాధిపతితో కలిసి అవిన్యోను నుండి పారిపోయి, ఆ తరువాత ఏళ్ల తరబడి ఈ విషయం మీదనే రాశాడు.

ఎవరి వాదం నెగ్గిందో ఇక్కడ తేల్చబోను. నాకు పనికివచ్చింది రొట్టె ఉదాహరణ. రొట్టె ఒక్క పూటతో అయిపోతుంది. పొలం తరతరాలు నిలుస్తుంది. కత్తి ఈ రెండింటికీ నడుమ ఉంది. వాడితే అరుగుతుంది, కాని ఎంత నెమ్మదిగా అంటే, బాగా చూసుకుంటే ఒక మనిషి జీవితకాలం దాటి మరొకరి చేతికి వెళ్లగలదు. మరి వాడకపోతే నిలుస్తుందా? దీనికి జవాబు నేను పుస్తకాలలో కాక నా బీరువాలోనే నేర్చుకున్నాను.

గురువునైన కొత్తలో నేను ఒక పల్లెలో సహాయ గురువుగా ఉన్నాను. ఆ ఊరిలో క్షౌరవృత్తి చేసుకునే పెద్దాయన ఒకరుండేవారు. మన సంఘస్థుడు కాదు. కల్లాల దగ్గర కొలిచి ఇచ్చే మేర గింజలతో నలభై ఏళ్లు ఆ ఊరికి సేవ చేసిన మనిషి. ఆయన పొదిలో జోలింగెన్ ముద్ర ఉన్న కత్తి ఒకటుండేది. దానిమీద ఆయనకు ప్రాణం. మన దేశంలో 1986లో మొదట గుర్తించిన ఎయిడ్సు భయం ఆ రోజులకు పల్లెలకూ చేరింది. ఒకరికి గీసిన కత్తితో మరొకరికి గీయకూడదన్నారు. రక్తం ద్వారా హెపటైటిస్ బి వంటివి సోకే ప్రమాదం నిజమైనదే, కనుక ఆ జాగ్రత్త న్యాయమైనదే. పెద్దాయన ఎవరితోనూ వాదించకుండా, మనిషికొక సగం బ్లేడు విరిచి పెట్టే కత్తికి మారారు.

1998లో నేను ఆ ఊరు వదిలే ముందు ఆయన నా దగ్గరకు వచ్చి ఆ జర్మనీ కత్తిని గుడ్డలో చుట్టి ఇచ్చారు. “ఫాదరుగారూ, ఒక్కరే వాడుకుంటే దీనితో భయం లేదంటున్నారు. మీరు వాడుకోండి. దీనికి పని లేకపోతే నాకు బాధగా ఉంది” అన్నారు. నా కళ్లు చెమర్చాయి. ఎంతో గౌరవంగా తీసుకున్నాను. అంతే గౌరవంగా బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఎనిమిదేళ్లకు పండుగ పూజకని ఆ ఊరు వెళ్లినప్పుడు ఆయన కర్ర ఊతంతో వచ్చారు. మొట్టమొదట అడిగిన మాట “కత్తి బాగా తెగుతోందా, ఫాదరుగారూ?” అని. “రోజూ దానితోనే గీసుకుంటున్నాను, తాతా” అన్నాను. ఆయన నా చెంప వైపు ఒక క్షణం చూశారు. వేలాది గడ్డాలు గీసిన మనిషి. “మంచిదయ్యా” అన్నారు, మరొక మాట అనలేదు. రెండేళ్లకు ఆయన చనిపోయారని తెలిసింది.

చదువరీ, ఆ అబద్ధం నేనెందుకు ఆడాను? కత్తిని భద్రంగా దాచడమే దానికి మర్యాద అని నిజంగా నమ్మి ఉంటే, “దాచాను తాతా” అని ధైర్యంగా చెప్పి ఉండేవాణ్ణి. ఆయన అడిగింది దాచమని కాదు, వాడమని. ఆ సంగతి నాకు అన్ని రోజులూ తెలుసు. వాడాలంటే నూరడం నేర్చుకోవాలి, పొద్దున్నే పది నిమిషాలు ముందు లేవాలి, చెంప కోసుకోవడానికి సిద్ధపడాలి. దాచాలంటే ఒక తాళంచెవి చాలు. నా బద్ధకానికి నేను గౌరవమని పేరు పెట్టుకున్నాను.

ఆయన పోయాక బీరువా తెరిచాను. గుడ్డ విప్పితే పుల్లని ఘాటైన వాసన. పిడి పగిలి పొడి రాలుతోంది. ఉక్కు మీద నల్లని తుప్పు మచ్చలు. తాళం వేసిన బీరువాలో, ఎవరూ ముట్టని గుడ్డలో ఇదెలా జరిగిందో అప్పుడు అర్థం కాలేదు. సిగ్గుతో మళ్లీ చుట్టి పెట్టేశాను. పోయిన నెల ఆ యువకుడు ప్రశ్న అడిగినప్పుడు నా నోరు పెగలకపోవడానికి కారణం ఇదే.

మరునాడు ఆ కత్తిని అతనికే చూపించి జరిగినదంతా చెప్పాను. అతడు వివరించాడు. వెనుకటి పిడులలో చాలావాటిని సెల్యులాయిడుతో చేసేవారట. ఆ పదార్థం కొన్నేళ్లకు తనంతట తానే కుళ్లి ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి తన ఉక్కునే కాదు, అదే పెట్టెలో మూతపెట్టి ఉంచిన ప్రక్క కత్తులను కూడా తుప్పు పట్టిస్తుంది. గాలి తగిలేలా బయట ఉంచి, తరచుగా చేతిలోకి తీసుకుని చూసేవారికి ఈ చెరుపు ముందే కనబడుతుంది. నా వంటివారికి కనబడదు. ఈ మాటలు చెబుతూ చెబుతూ అతడే ఒక్క క్షణం ఆగిపోయాడు. అతని అద్దాల పెట్టె గుర్తొచ్చి ఉంటుంది.

రెండు వారాలు అతడు శ్రమపడ్డాడు. గేదెకొమ్ముతో కొత్త పిడి వేశాడు. తుప్పు పోయేదాకా నూరాడు. వాదర కాస్త సన్నబడింది, మచ్చలు కొన్ని మిగిలాయి. పలకలన్నీ ఒక్కొక్కటిగా మార్చిన తరువాత అది ఆ ఓడేనా అని గ్రీకు తత్త్వవేత్తలు తీస్యుసు ఓడ గురించి వాదించుకున్నారు. పిడి మారి, ఉక్కు తరిగిన ఇది పెద్దాయన కత్తేనా? నా మట్టుకు, బీరువాలో ఉన్నన్నాళ్ల కంటె ఇప్పుడే అది ఎక్కువగా ఆయనది.

అయితే దాచడమంతా తప్పేనా? కాదు. ఒక పనివాడి చేతిపని ప్రపంచంలో ఒక్కటే మిగిలిందనుకోండి. దానిని ప్రదర్శనశాలలో పదిమందీ చూసి నేర్చుకునేలా ఉంచడం కూడా ఉపయోగమే. అక్కడ చూడడమే దాని పని. నేను అడిగేది వేరు. ఎవరూ చూడని, ఎవరూ నేర్చుకోని, ఎవరి చేతికీ అందని పెట్టెలో ఒక పనిముట్టు ఎవరి కోసం ఉన్నట్టు? “తరువాతివారికోసం” అంటాం. తరువాతివారికి ఇవ్వవలసింది ఉక్కు ఒక్కటే కాదు. దానిని నూరే చేయి, పట్టే ఒడుపు కూడా ఇవ్వాలి. అవి బీరువాలో నిలవ ఉండవు. ఒకరు చేస్తుంటే మరొకరు చూసి నేర్చుకోవలసిందే.

కనుక ఆ యువకునికి నా జవాబు ఇది: “బాబూ, కత్తులుండడం తప్పు కాదు. వాటిలో నీవు ఎన్నింటిని నిజంగా చూసుకోగలవో అన్నే నీవి. మిగిలినవాటికి నూరడం నేర్చుకోవాలనుకునే చేతులు వెదుకు. ఇచ్చేటప్పుడు ఒక్కరే వాడుకోవాలని చెప్పు.” అతడు ఒప్పుకున్నాడని చెప్పలేను. ఆలోచిస్తానన్నాడు. తొమ్మిది కత్తులు బయటకు తీసి గాలికి పెట్టానని మొన్న ఫోను చేశాడు.

ప్రియ చదువరీ, నీ ఇంట మంగలికత్తి ఉండకపోవచ్చు. అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నె అటక మీద ఉండవచ్చు. నాన్నగారి కలం సొరుగులో ఎండిపోయి ఉండవచ్చు. తీసి చూడు. ఇచ్చినవారు దాచమన్నారా, వాడమన్నారా అని నిన్ను నీవే అడుగు. వారు ఇంకా బ్రతికి ఉంటే మరీ మంచిది. వారు వచ్చి అడిగేలోగా వాడడం మొదలుపెట్టు.

నేను ఇప్పుడు వారానికి మూడు రోజులు ఆ కత్తితో గీసుకుంటున్నాను. పోయిన ఆదివారం పూజలో నా కుడి చెంప మీద దూది చూసినవారు ఏమైందని అడిగారు. ఏమైందో ఈ వారం ఇక్కడ రాశాను.